చెవులతో భోంచేసే పైడిరాజు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పైడిరాజు అని ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆయన నోటితో తినడం మానేసి చాలాకాలమైంది. చెవులతో భోంచేస్తాడు. పప్పన్నం కుడిచెవితో, పులుసన్నం ఎడమచెవితో. పండగ రోజైతే ఆ రెండు చెవులూ చాలవు.

నమ్మబుద్ధి కావడం లేదా? అయితే కొంచెం తగ్గించి చెప్పుకుందాం. నోటితోనూ కాస్త తింటాడు. కానీ దాన్ని ఆయన భోజనం అనడు. ఆ మాటకొస్తే డాక్టర్లూ అనరు, డైట్ అంటారు. భోజనమని ఆయన ఒప్పుకునేది చెవుల్లోంచి వెళ్ళేదాన్నే. అవతలివాళ్ళు తింటారు, రుచి చెబుతారు, ఈయన కళ్ళు మూసుకుని వింటాడు, చివర్న త్రేన్చుతాడు. ఆ త్రేన్పు మాత్రం నిజం. కాలనీలో సగం మంది సాక్ష్యం చెబుతారు.

పైడిరాజు లోకో పైలట్‌గా కోర్బా బొగ్గు బండ్లు నడిపి నడిపి రిటైరయ్యాడు. తాతల నాడే విజయనగరం వైపు నుంచి రైల్వే పనికొచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. ఆ రోజుల్లో ఆయన తిండిపుష్టికి లైను పొడుగునా పేరుండేది. బండి కంటికి ఆనకముందే ఆయన క్యారేజీలోని ఆవకాయ వాసన తగిలేదనీ, ఆ వాసన పట్టుకునే గతౌరా స్టేషన్లో పచ్చజెండా తీసుకుని బయటికొచ్చేవారనీ చెప్పుకునేవాళ్ళు. గాలి ఎదురు వీచిన రోజున ఏం చేసేవారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఉద్యోగం నుంచి ఆయన రిటైరైన మరుసటి ఏడు, బీపీ, షుగరూ కలిసి ఆయన కిడ్నీలను రిటైర్ చేశాయి. అప్పటి నుంచి వారానికి రెండుసార్లు ఆస్పత్రికి వెళ్ళి డయాలసిస్ మెషీను పక్కన పడుకుని రక్తం కడిగించుకోవాలి. ఇక తిండి సంగతి. ఉప్పు పోయింది. ఆవకాయ పోయింది. ఎండుచేప, అరటిపండు, కొబ్బరినీళ్ళు, టమాటా, బంగాళదుంప, వరసపెట్టి అన్నీ పోయాయి. మంచినీళ్ళు కూడా చిన్న గ్లాసుతో కొలిచి పోస్తారు. కూరగాయలను తరిగి, నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడికించి, ఆ నీళ్ళూ పారబోసి, తాను బీరకాయో సొరకాయో ఆ కాయకే గుర్తులేని స్థితి వచ్చాక కంచంలో వేయాలి.

ఇంజను నడిపేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ముందు సిగ్నల్ కనబడగానే దాని రంగు గట్టిగా పైకి చెప్పాలి. ఒకరు "పచ్చ" అంటే పక్కనున్నవాడు కూడా "పచ్చ" అనాలి. మనసులో అనుకుంటే కుదరదు. పైడిరాజు దగ్గర అసిస్టెంటుగా పనిచేసి, ఆయన్ని మావా అని పిలిచే గిరిబాబుకు ఈ పాఠం మొట్టికాయలతో సహా వచ్చింది. "సెప్పకపోతే సూసినట్టు కాదురా గుంటడా!" అనేవాడు పైడిరాజు.

ఆ పద్ధతినే ఇప్పుడు తిండికి పెట్టాడు. "తిన్నావా? అయితే సెప్పు. ఉప్పు?" అంటాడు. వాళ్ళు "సరి" అంటే తానూ "ఉప్పు సరి" అంటాడు. "కారం ఎక్కువ" అంటే "కారం ఎక్కువ, జాగర్త!" అని బండి ఆపేవాడిలా చెయ్యెత్తుతాడు.

బోద్రీలో ఉన్న హైకోర్టుకు రోజూ వెళ్ళివచ్చే ప్లీడరు శంకరరావు ఒకరోజు పొద్దున్నే ఆటో కోసం వీధి చివర నిలబడి ఆయనకు చిక్కాడు.

"ఏటి తిన్నావు బాబూ?"

"ఇడ్లీ అండి."

"సెట్నీ?"

"కొబ్బరి."

"తాలింపులో ఇంగువేశారా?"

శంకరరావు ఆలోచించాడు. "గుర్తులేదండి."

"మరి తిన్నానంటావేటి? ఎవరో తిన్నారు, నువ్వు పక్కన కూకున్నావు. ఎల్లు, ఎల్లి మళ్ళీ తినేసి రా."

తన ప్రాక్టీసు మొత్తంలో అంత గట్టి క్రాస్ ఎగ్జామినేషన్ చూడలేదని శంకరరావు తర్వాత ఒప్పుకున్నాడు. ఆ రోజు ఆయన నిజంగానే ఇంటికెళ్ళి మళ్ళీ ఇడ్లీ తిన్నాడనీ, అందువల్ల కేసు వాయిదా పడిందనీ అంటారు. వాయిదా పడిన మాట నిజమే. అయితే ఆ కేసు ఇడ్లీలు లేని రోజుల్లోనూ పడుతూనే ఉంది.

ఒక పెళ్ళిలో పైడిరాజు కంచం లేకుండా పంక్తిలో కూర్చున్నాడు. అటు పక్కవాడినీ ఇటు పక్కవాడినీ పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులా గమనిస్తూ, పదార్థం పదార్థానికీ రుచి అడిగాడు. వంటవాళ్ళు వణికిపోయారు. కాన్వెంటులో భోజనం ముందు సిస్టర్లు చేయించే ప్రార్థనలా ఆ పంక్తి అంతా "ఉప్పు సరి, ఉప్పు సరి" అని గొణిగింది. భోజనాలయ్యాక అందరితోపాటు ఆయనా లేచి వెళ్ళి, పొడిగా ఉన్న చేతులు కడుక్కున్నాడు. అది చూసి నవ్వినవాళ్ళున్నారు. ముఖం తిప్పుకున్నవాళ్ళూ ఉన్నారు.

డయాలసిస్‌కు ముందు మనిషిని తూకం వేస్తారు, ఒంట్లో ఎంత నీరు చేరిందో తెలియడానికి. ఒకసారి ముల్లు బాగా పైకి పోయింది.

"అంకల్, ఇత్‌నా వజన్! క్యా ఖాయా?" ఇంత బరువా, ఏం తిన్నారని నిలదీసింది నర్సు.

"ఖాయా నహీ బేటీ, సునా" అన్నాడు పైడిరాజు. తినలేదు, విన్నానని. "బొబ్బట్లు. నెయ్యి కూడా ఏసినారు."

దాహానికి ఆగలేక రోజూ రెండు గ్లాసులు ఎక్కువ తాగాడని తర్వాత తేలింది. ఆయన మాత్రం బొబ్బట్ల మీదే నిలబడ్డాడు.

ఇంతవరకూ గిరిబాబు కూడా అందరితోపాటు నవ్వాడు. అతనికి నవ్వు రానిది సౌభాగ్యం దగ్గరే.

సౌభాగ్యం పైడిరాజు భార్య. ఆయన మెషీను ఎక్కిన నాటి నుంచి ఆవిడ కూడా ఒక్కొక్కటే మానేస్తూ వచ్చింది. ఆయనకు ఆవకాయ వద్దన్నారని జాడీ తీసుకెళ్ళి పక్కింటి లక్ష్మీనరసమ్మకు ఇచ్చేసింది. ఆయనకు చేప వద్దన్నారని చేపలమ్మే ఆవిడ కేక వినబడితే తలుపేసుకుంది. చివరికి ఆయన కోసం ఉడికించి పిండేసిన కూరలోంచే ఇంత తన కంచంలో వేసుకుని, కతికినట్టు చేసి లేచిపోయేది. "తిన్నావేటే?" అంటే తడి చేసిన కంచం చూపించేది. జబ్బు ఆయనది, చిక్కిపోయింది ఆవిడ.

"అత్తా, నీకేటి రోగవని ఈ పథ్యం?" అని గిరిబాబు ఎన్నోసార్లు అడిగాడు.

"ఆయన నోరు కట్టుకుని కూకుంటే నా గొంతు దిగుద్దేటి బాబూ?" అనేది. అంతకుమించి మాట ఉండేది కాదు.

ఒకరోజు బుధవారీ బజార్లో కూరగాయల గంపల మధ్య ఆవిడ కళ్ళు తిరిగి పడిపోయింది. ఒంట్లో రక్తం లేదన్నారు. ఇలాగే సాగితే ఆయనకన్నా ముందు ఈవిడే దక్కకుండా పోతుందని డాక్టరమ్మ గిరిబాబును పక్కకు పిలిచి చెప్పింది.

సరిగ్గా ఆ నెలలోనే పైడిరాజుకు చెవులతో తినే పిచ్చి పట్టింది. పాపం, ఆ ఇంటికి రెండు కష్టాలూ ఒక్కసారే వచ్చాయని కాలనీ అంతా జాలిపడింది.

ఒక ఆదివారం గిరిబాబు వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాడు. పైడిరాజు తన చప్పిడి కూర గబగబా ముగించి, కుర్చీని భార్య కంచానికి ఎదురుగా లాక్కున్నాడు. కంచంలో ఎండుచేప, వంకాయ కూర. పట్టుబట్టి వండించింది ఆయనే.

"కానియ్. ఉప్పు?"

"సరేనండి."

"తినకుండానే సరంటావేటి? ముందు ముద్దెట్టు. నమలు. ఇప్పుడు సెప్పు, ఉప్పు?"

"కొంచెం ఎక్కువ."

"ఉప్పు ఎక్కువ. సేప మెత్తనా, గట్టా?"

"మెత్తన."

"సేప మెత్తన. రెండో ముద్దెట్టు. మొదటి ముద్దకీ రెండో ముద్దకీ రుచి మారుద్ది, తెల్దేటి?"

సౌభాగ్యం కళ్ళలోంచి నీళ్ళు జారి కంచంలో పడ్డాయి.

"మావా, సాల్లే ఇంక" అన్నాడు గిరిబాబు.

"నువ్వు మాటాడకు. ఓలే సౌబాగ్గెం, కన్నీళ్ళు కూరలో పడితే ఉప్పు లెక్క తప్పిపోద్ది. తుడుసుకో. మూడో ముద్ద."

గిరిబాబు బయటికి వచ్చేసరికి లక్ష్మీనరసమ్మ గోడ మీంచి తొంగిచూస్తోంది. "మీ మావ మడిసేనా బాబూ? ఆయన కోసవని ఆ తల్లి అన్నీ వదిలేసుకుంటే, కూకోబెట్టి తినిపించి సరదా సూస్తాడా?"

గిరిబాబుకూ అలాగే అనిపిస్తోంది. ఒక్కసారి, ఒక్క చెంచా, అసలైన రుచి ఆయన నాలుకకు తగిలితే ఆ యావ చల్లారుతుందేమో, అత్తను పీడించడం మానేస్తాడేమో అనుకున్నాడు.

డయాలసిస్ చూసే డాక్టరమ్మను బతిమాలాడు. మెషీను మీద పడుకున్న కాసేపటికి రెండు చెంచాలు పెట్టవచ్చు, ఆ తర్వాత సంగతి మెషీను చూసుకుంటుంది, అదీ ఈ ఒక్కసారికే అని ఆవిడ ఒప్పుకుంది. ఆవ పెట్టి చేసిన పనసపొట్టు కూరంటే పైడిరాజుకు ప్రాణం. బిలాస్‌పూర్ బజార్లో పనసకాయను కటహల్ అని ముక్కలు కోసి ఇస్తారు కానీ పొట్టు కొట్టి ఇచ్చేవాళ్ళు లేరు. గిరిబాబు భార్య మైత్రి కత్తికీ చేతులకూ నూనె రాసుకుని, ఫోనులో వాళ్ళమ్మను అడుగుతూ, సగం రోజు కూర్చుని పొట్టు కొట్టింది.

గిరిబాబు ఆస్పత్రికి వెళ్ళేసరికి పైడిరాజు మంచం మీద ఉన్నాడు. ఎడమచేతికి సూదులు, ఎర్రటి గొట్టాలు. పక్కన మెషీను చక్రం తిరుగుతోంది.

"కళ్ళు మూసుకో మావా."

"ఏట్రా, నానింకా పోలేదు. అప్పుడే మూయిస్తావేటి?"

"పనసపొట్టు కూర తెచ్చాను. ఆవెట్టింది. డాక్టరమ్మ పర్మిషనిచ్చింది, రెండు సెంచాలు."

పైడిరాజు కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు. గిరిబాబు డబ్బా మూత తీశాడు. లోపల క్యాబేజీ కూర ఉంది.

అది గిరిబాబు డ్యూటీకి తీసుకెళ్ళాల్సిన డబ్బా. పనసపొట్టు డబ్బా ఇంట్లో పొయ్యి పక్కనే ఉండిపోయింది. రెండు స్టీలు డబ్బాలూ కవలపిల్లల్లా ఉంటాయి. ఇక్కడ చూస్తే ముసలాయన నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్నాడు. తిట్లు తినడానికి సిద్ధపడి గిరిబాబు చల్లారిపోయిన క్యాబేజీ ఒక చెంచా పెట్టాడు.

పైడిరాజు మెల్లగా నమిలాడు. ముఖమంతా వెలుగు తెచ్చుకున్నాడు.

"అబ్బ! ఆవ ముక్కుకెక్కేసిందిరా" అన్నాడు. "పొట్టు లేతది. సింతపండు సరి. ఉప్పు సరి. మీయావిడి సెయ్యి మంచిది."

చెంచా గిరిబాబు చేతిలో అలాగే నిలిచిపోయింది.

"మావా, ఇది కేబేజీ."

పైడిరాజు కళ్ళు తెరవలేదు.

"ముందు సెప్పొద్దేట్రా" అన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి మావా?"

"ఈ మెషీనెక్కిన కొన్నాళ్ళకే పోయింది. ఏటి తిన్నా నాలిక మీద ఇనపముక్క ఎట్టినట్టుంటాది. పాయసవూ ఇనుమే, మాత్రా ఇనుమే. మొదట్లో ఆవకాయ కల్లోకొచ్చేది. ఇప్పుడు కల్లో కూడా రుచుండదు."

"మరి అందర్నీ అలాగ పీక్కుతింటావు కదా, ఉప్పెలాగుంది, పులుపెలాగుందని?"

"తెల్దేటి నీకు? ఇన్నేళ్ళు ఇంజన్లో నా పక్కన కూకున్నావు."

అప్పుడు వెలిగింది గిరిబాబుకు. సిగ్నల్ రంగు పైలట్‌కు కనబడక కాదు అసిస్టెంటును అడిగేది. పక్కవాడు నిజంగా చూస్తున్నాడా, కునుకు తీస్తున్నాడా తెలియడానికి. రంగు చెప్పాలంటే చూసి తీరాలి. రుచి చెప్పాలంటే తిని తీరాలి. తడి కంచం చూపించి తప్పించుకోవడం కుదరదు.

"అత్త కోసవా?"

"దాన్నొక్కదాన్నే అడిగితే కనిపెట్టేస్తాది. అందుకని ఊరందర్నీ అడిగాను. లేకపోతే ఆ ప్లీడరు ఇడ్లీతో నాకేటి పని?" పైడిరాజు కళ్ళు తెరిచి పక్క మంచం వైపు చూశాడు. అక్కడిప్పుడు ఎవరో కొత్త మనిషి నిద్రపోతున్నాడు. "ఆడ బెల్తరా ఊరాయన పడుకునీవోడు, గుర్తుందా? ఆయన పోయాక బట్టలు తీసుకెల్లడానికి పెళ్ళాం వచ్చింది. ఆయనేటి మానేస్తే ఆవిడా అదే మానేసిందంట. గోడట్టుకుని నడుస్తంది. ఆయన లేడు గానీ, ఆయన డైట్ ఆవిడింకా సేస్తంది. సౌబాగ్గెం అలాగవకూడదురా."

మెషీను తిరుగుతోంది. గిరిబాబు డబ్బాకు మూత పెట్టబోయాడు.

"మీ అత్తకి సెప్పకు. ఈయనకి రుచే తెల్దు, ఇంక నానెవరికి సెప్పాలని మళ్ళీ కంచం ఎత్తేస్తాది. ఒట్టెయ్."

గిరిబాబు ఒట్టేశాడు.

"ఊఁ. రెండో సెంచా ఎట్టు మరి. పర్మిషనుంది కదా" అన్నాడు పైడిరాజు, మళ్ళీ నోరు తెరుస్తూ.

గిరిబాబు ఒట్టు నిలబెట్టుకున్నాడు. మైత్రికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మైత్రి కూడా ఎవరికీ చెప్పలేదు, లక్ష్మీనరసమ్మకు తప్ప. అదైనా, ఆవిడ మావయ్యను కసాయివాడంటుంటే వినలేక చెప్పింది. లక్ష్మీనరసమ్మకు మాత్రం మాట దాచుకునే విద్య రాదు. ఆమె చెప్పిన వార్త స్టేషన్లో మైకు కన్నా ముందే కాలనీ దాటిపోతుందని పేరు. ఈ వార్తకు కాలనీ దాటే పని కూడా లేదు, గోడ దాటితే చాలు.

తర్వాతి ఆదివారం గిరిబాబు వెళ్ళేసరికి కంచం వడ్డించి ఉంది. గిరిబాబుకూ ఒకటి పెట్టారు. పైడిరాజు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సౌభాగ్యం చెయ్యి మాత్రం కంచంలో లేదు, ఒళ్ళో ఉంది.

"కానియ్. ఉప్పు?"

ఆవిడ కంచాన్ని కొంచెం అవతలికి జరిపింది.

"ఏటే? ఉప్పు?"

"మీకు రుచి తెల్దంట గదా" అంది సౌభాగ్యం.

గిరిబాబు తలెత్తి ఫ్యాను రెక్కలు చూడడం మొదలుపెట్టాడు.

"ఎవడన్నాడు?"

"కేబేజీ తినేసి పనసపొట్టన్నారంట."

"అబద్ధం. అది పనసపొట్టే. ఈడి పెళ్ళాం అలాగొండితే నానేటి సెయ్యను?"

గిరిబాబు ఔననబోయి, ఇంట్లో మైత్రికి తెలిస్తే ఏమవుతుందో తలుచుకుని ఊరుకున్నాడు.

"ఏటి తిన్నా ఇనుములాగుంటాదన్నారంట."

"ఇనుము నానెప్పుడు తిన్నానే, దాని రుచి నాకు తెల్డానికి?"

"నాను తినాలని ఇదంతా సేశారంట."

"నీ కోసవా?" పైడిరాజు లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. "నీ కోసం నానెందుకు సేస్తాను? నాకాకలి. ఎవరో ఒకరు తింటేనే గదా నాకు కడుపు నిండీది! నువ్వు తినకపోతే ఇయ్యేల నాను పస్తు."

సౌభాగ్యం ఆయన ముఖంలోకి చూసింది. ఆయన ఆవిడ ముఖం చూడటం లేదు, ఆవిడ చేతి వంకే చూస్తున్నాడు. ఆ చూపు గిరిబాబుకు తెలుసు. పొగమంచు కమ్మిన వేళ ముందున్నది ఎరుపో పచ్చో తేలక, ఇంజను అద్దానికి ముఖం ఆనించి చూసే చూపు అది.

ఆవిడ చెయ్యి కంచంలోకి వెళ్ళింది. అన్నం కలిపింది. ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి, మింగింది. ఎవరూ అడగకుండానే చెప్పింది.

"ఉప్పు సరి."

"ఉప్పు సరి" అన్నాడు పైడిరాజు. మాట బొంగురుగా వచ్చింది. దగ్గి సర్దుకున్నాడు.

"పులుపు కొంచెం ఎక్కువ."

"పులుపు ఎక్కువ."

రెండో ముద్ద కలుపుకుంటూ సౌభాగ్యం గిరిబాబు వైపు తిరిగింది. కళ్ళు తడిగానే ఉన్నాయి కానీ నవ్వు ఆపుకోలేకపోతోంది. "మీ మావ పెద్ద దొంగ బాబూ. ఇంత మంచోడని ఇన్నేళ్ళూ నాకు తెలీనియ్యలేదు" అంది.

పైడిరాజుకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఎవరి గురించే నువ్వు మాటాడతన్నావు? నాను ఆస్పత్రిలో ఏటీ తినలేదు. ఎవరికీ ఏటీ సెప్పలేదు. కేబేజీ మొహమే నానెరగను" అని గిరిబాబు మీదికి వేలు చూపించాడు. "అసలీ గుంటడెవడే? మనింట్లో కూకుని మనన్నం తింటన్నాడు, ఈడ్ని నానెప్పుడూ సూడనేలేదు!"